ఎక్కడ దొరికావో రాసుకో

చిరంజీవికి,

మొన్న ఫోన్‌లో ఏమన్నావు? "గానుగెద్దులా తిరిగిన చోటే తిరుగుతున్నాను మావయ్యా. జియు-జిట్సులో బ్లూ బెల్ట్ వచ్చి 14 నెలలైంది, ఒక్కణ్ణీ ట్యాప్ చేయించలేకపోతున్నా, లొంగిపోయానని ఎవడూ చేత్తో తట్టట్లేదు" అన్నావు. బస్సులో ఉండి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు మీ ప్రాక్టీసు గది సంగతి చూడు. పర్లాకిమిడిలో మీరున్నదే ఐదుగురు. కాళ్ళతో మెడ బిగించే నీ ట్రయాంగిల్ ఎటునుంచి వస్తుందో ఆ నలుగురికీ నీకన్నా బాగా తెలుసు. నీ కాలు లేచేసరికే ఆ పొడుగు కుర్రాడు నడుం నిటారు చేసి, రెండు మోచేతులూ పొట్టకి ఆనించేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నేను చూశాగా. అంతకుముందు పడ్డవాడు ఇప్పుడు పడట్లేదంటే వాడూ నేర్చుకున్నాడని అర్థం. వాడికి సగం నేర్పింది నువ్వే! కొత్త మొహాలు వచ్చే చోటైతే ఈ తేడా నీకే తెలిసిపోయేది. అందుకే నెలకోసారైనా రైలెక్కి విశాఖ వెళ్ళు. నీ పట్టు ఎరగనివాడితో ఒక్క రోల్ (ప్రాక్టీసు కుస్తీ) చేస్తే నీ అనుమానం సగం తీరుతుంది.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్తాను, మీ అమ్మకి చెప్పకు. మొదటి మెట్టు వైట్ బెల్ట్‌లో ఉన్నప్పుడు క్యాలెండర్ మీద గీతలు పెట్టేవాణ్ణి. నేను చేయించిన ట్యాప్ పైన, నేను చేసిన ట్యాప్ కింద. రెండు నెలలకి పైగీతలు బాగా పెరిగాయి. ఎందుకో తెలుసా? నాకు తెలియకుండానే బరువైనవాళ్ళని తప్పించుకుని, వారం కిందట చేరిన పిల్లల్ని పిలుచుకుంటున్నాను. పెద్దవాడు ఎదురైతే మంచినీళ్ళకి వెళ్ళిపోయేవాణ్ణి. ఒకరోజు మా కోచ్ చూసి, "నీకు దాహం ఎక్కువైందిరా" అన్నాడు. ఆ రోజుతో క్యాలెండర్ ఆపేశాను.

గీతలకి బదులు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకో. ఇంటికెళ్ళి స్నానం చేసే లోపే ఒక్క వాక్యం రాయి: ఈరోజు ఎక్కడ దొరికాను? గెలిచినవి రాయకు, అవి ఎలాగూ గుర్తుంటాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు మీ ఊళ్ళో ఉంటూనే గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు కదా, సవరలు పలికింది పలికినట్టు రాసుకుని. నువ్వూ జరిగింది జరిగినట్టు రాయి, జరగాల్సింది కాదు.

నా పాత పుస్తకంలో ఒకే మనిషితో చేసిన మూడు రోల్స్ ఉన్నాయి. మొదటిది: "మౌంట్‌లో కాలర్ చోక్." అంటే నా మీదెక్కి కూర్చుని కాలర్‌తో గొంతు బిగించాడు. మూడు నెలల తర్వాత: "మౌంట్ ఎక్కనివ్వలేదు. సైడ్ కంట్రోల్‌లోనే కిమురా." అంటే పక్కనుంచి అదిమిపెట్టి చెయ్యి మెలితిప్పాడు. ఇంకొన్నాళ్ళకి: "గార్డ్ దాటేశాడు. అప్పటికే అండర్‌హుక్ ఇచ్చేశాను." అంటే అడ్డుపెట్టిన నా కాళ్ళు దాటేశాడు, అంతకుముందే నా చంక కింద వాడి చెయ్యి దూరనిచ్చాను. మూడింటిలోనూ ట్యాప్ చేసింది నేనే, క్యాలెండర్ మీదైతే మూడూ కిందిగీతలే. కానీ మొదటిసారి నాకు గొంతు మీద పట్టు తప్ప మరేమీ కనపడలేదు. మూడోసారికి ఆ ఓటమి నా చంక దగ్గర మొదలైందని తెలిసింది. అక్కడ చెయ్యి దూరనివ్వకపోతే గార్డ్ దాటలేడు, దాటకపోతే మౌంట్ లేదు. పోటీల్లో పాయింట్లూ ఈ వరసనే చెప్తాయి: గార్డ్ దాటితే 3, మౌంట్‌కి 4. నీ పుస్తకంలో తప్పు ఇలా రోల్ మొదలు వైపుకి జరుగుతోందో లేదో చూసుకో. ఆర్నెల్లుగా "కాలర్ చోక్" అనే ఉంటే మాత్రం బెంగ పడు, ఫోన్ చెయ్యి.

నెలాఖరున పుస్తకం తిరగేసి, ఎక్కువసార్లు వచ్చిన తప్పు ఒక్కటే తీసుకో. తర్వాతి నెలంతా రోల్ మొదలే అక్కడినుంచి పెట్టించుకో. నన్ను సైడ్ కంట్రోల్‌లో పట్టుకో అని అడుగు. మొదటి వారం చెత్తగా ఉంటుంది. ఉండనీ.

బెల్ట్ గురించి ఎక్కువ చెప్పను. ఐబీజేజేఎఫ్ (అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు ఫెడరేషన్) లెక్కలో పెద్దవాళ్ళకి బ్లూ నుంచి పై బెల్ట్ పర్పుల్‌కి మామూలుగా కనీసం 2 ఏళ్ళు. నీవి 14 నెలలు. తొందరేం లేదు.

ఇంకొకటి. కుడి మోచెయ్యి లాగుతోందని నాలుగుసార్లు అన్నావు. మోచెయ్యి వెనక్కి విరిచే ఆర్మ్‌బార్‌లో ఆలస్యంగా ట్యాప్ చేస్తున్నావేమోనని నా అనుమానం. అది కూడా రాయి, ఎన్ని రోజులు లాగిందో. నేను పంతానికి పోయి తెచ్చుకున్న మోకాలు నొప్పి ఇప్పటికీ మెట్లెక్కేటప్పుడు పలకరిస్తుంది.

దసరాకి వస్తున్నాను. పుస్తకం దాచకు. గది ఊడ్పించి, మ్యాట్లు తుడిపించి ఉంచు. పోయినసారి దుమ్ముకి రెండు రోజులు తుమ్మాను.

మీ మావయ్య