కారు కబుర్లు: రోటరీ ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ పెంచాలంటే వాషర్లు వేస్తే చాలా?

ప్రశ్న: నమస్తే సార్. మాది గుంటూరు, ఎనిమిదేళ్లుగా మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. 1989 మోడల్ మజ్దా ఆర్‌ఎక్స్-7 టర్బో ఉంది నా దగ్గర. కూలెంట్ తగ్గిపోతూ, పొద్దున్నే స్టార్ట్ చేయగానే తెల్లపొగ వస్తుంటే ఇంజన్ దించి మొత్తం విప్పేశాను. విప్పకముందు, ఇంజన్ బాగా వేడెక్కాక, ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ 15 పీఎస్‌ఐ, 3000 ఆర్‌పీఎం దగ్గర 50 చూపించేది. అప్పుడప్పుడు వింటన్ ట్రాక్‌కి కూడా తీసుకెళ్తాను కాబట్టి ఈసారి ప్రెషర్ పెంచి కట్టాలని ఉంది. వెనక రెగ్యులేటర్‌లో రెండు వాషర్లు వేసెయ్, 100 దాటిపోతుంది అంటున్నారు అందరూ. వెయ్యమంటారా? ఎన్ని వెయ్యాలి?

జవాబు: వాషర్ల సంగతికి తర్వాత వద్దాం. మీరు రాసిన రెండు అంకెలు చూడగానే నాకు అసలు టెన్షన్ వేరే చోట మొదలైంది. మీ కారుకి కంపెనీ చెప్పిన లెక్క 3000 ఆర్‌పీఎం దగ్గర 64 నుంచి 78 పీఎస్‌ఐ, ఐడిల్‌లో 30 దరిదాపుల్లో. మీకు రెండు చోట్లా తక్కువే ఉంది. అంటే ఆయిల్ ఎక్కడో జారిపోతోంది, లేదా పంపు సరిగా తొయ్యడం లేదు. రెగ్యులేటర్‌లో ఎన్ని వాషర్లు వేసినా ఆ రెండిట్లో ఏదీ బాగుపడదు.

ఎందుకో ఇంట్లో ప్రెషర్ కుక్కర్ చూస్తే అర్థమవుతుంది. మూత గాస్కెట్ పాడై పక్కనుంచి ఆవిరి పోతుంటే, పైన ఎంత బరువైన వెయిట్ పెట్టినా కుక్కర్ విజిల్ వెయ్యదు. రెగ్యులేటర్ అంటే ఆ వెయిట్ లాంటిదే. మీ ఇంజన్ వెనక ప్లేటులో ఉండే ఆ వాల్వు దాదాపు 71 పీఎస్‌ఐ దగ్గర తెరుచుకుని, అంతకంటే ఎక్కువైన ఆయిల్‌ని కింద పాన్‌లోకి వదిలేస్తుంది. మీ ప్రెషర్ 50 దగ్గరే ఆగిపోయిందంటే ఆ వాల్వు ఇంకా తెరుచుకోనే లేదు, మూసి ఉన్న వాల్వు స్ప్రింగ్‌ని బిగిస్తే ఏమొస్తుంది? దీనికి ఒక్కటే మినహాయింపు: వాల్వు లోపలి ప్లంజర్ చెత్త పట్టి సగం తెరుచుకుని ఇరుక్కుపోతే అప్పుడు నేరం దానిదే. విప్పి, కడిగి, వేలితో నొక్కి చూడండి, ఎక్కడా పట్టకుండా జారాలి. గీతలు పడి ఉంటే మొత్తం మార్చెయ్యండి.

ఇంకో సందేహం కూడా తీర్చుకోవాలి. మీరు చూసింది డాష్‌బోర్డులో కంపెనీ ఇచ్చిన గేజ్ అయితే దాన్ని నేను నమ్మను, ప్రెషర్ కొలిచి గేజ్‌కి చెప్పే ఆ సెండర్లు పాతబడ్డాక నోటికొచ్చిన అంకె చెప్తాయి. ఇంజన్ కట్టాక ఒక మంచి మెకానికల్ గేజ్ తగిలించి, ఆయిల్ 80 డిగ్రీలు దాటాక చూడండి. చల్లటి ఇంజన్‌లో వచ్చే 90, 100 చూసి సంతోషపడకండి, చిక్కటి ఆయిల్ ఎక్కడైనా అంత చూపిస్తుంది.

ఇప్పుడు అసలు పని. ఇంజన్ ముక్కలుగా ఉంది కాబట్టి ఇంతకంటే మంచి అవకాశం రాదు, కట్టేశాక ఇవి చూడాలంటే మళ్ళీ దించాల్సిందే.

మొదట ముందు కవర్ చూడండి. పంపు నుంచి వచ్చే ఆయిల్ ముందు ప్లేటులోంచి ముందు కవర్‌లోకి దాటే చోట ఒక చిన్న ఓ-రింగ్ ఉంటుంది. ఈ ఇంజన్లలో వేడి మీద ప్రెషర్ పడిపోయిందంటే నేను మొదట అనుమానించేది దాన్నే. ఒకతను ఎక్కడో రీబిల్డ్ చేయించుకున్న ఇంజన్‌తో నా దగ్గరికి వచ్చాడు. ఐడిల్‌లో 10 కూడా లేదు, అప్పటికే కొత్త పంపు, కొత్త రెగ్యులేటర్ వేయించి బోలెడు డబ్బు పోశాడు. కవర్ విప్పితే ఆ ఓ-రింగ్ సగం తెగి పక్కకి ఊడి వచ్చింది, ఆయిల్ అక్కడి నుంచే పాన్‌లోకి కారిపోతోంది. అతని మొహం నాకు ఇప్పటికీ గుర్తు. రింగ్ కొత్తది వెయ్యండి, దాని వెనక వచ్చే ప్లాస్టిక్ బ్యాకింగ్ రింగ్ మాత్రం మర్చిపోకండి. కవర్ కింద వేసే పేపర్ గాస్కెట్ మందం ఎక్కువైతే రింగ్ మీద నొక్కుడు తగ్గి, అది మళ్ళీ ఊడిపోతుంది, కాబట్టి మందమైన గాస్కెట్‌లు వద్దు.

తర్వాత ఎక్సెంట్రిక్ షాఫ్ట్, అంటే ఈ ఇంజన్‌లో పిస్టన్ల బదులు తిరిగే మూడు మూలల రోటార్లు తిప్పే ప్రధాన షాఫ్ట్. దాని ముందు కొసలో, పెద్ద బోల్ట్ వెనక, మైనం నింపిన ఒక పెల్లెట్ ఉంటుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అది తెరుచుకుని ఆయిల్‌ని బయటికి వదిలేస్తుంది, అందువల్ల రోటార్లలోకి ఆయిల్ చిమ్మే జెట్లకి చాలినంత ప్రెషర్ అందదు, రోటార్లు త్వరగా వేడెక్కుతాయి. 60 డిగ్రీల దగ్గర మూసుకోవాలి. ముప్పై ఏళ్ల పెల్లెట్ మూసుకోకపోతే మీరు నడిపినంతసేపూ ఆయిల్ అక్కడి నుంచి పోతూనే ఉంటుంది, రోటార్లకి చల్లదనం అందదు, గేజ్‌లో అంకె కూడా తక్కువ. దాన్ని తీసేసి గట్టి ముక్క వేస్తారు చాలామంది, నేనూ అదే చేస్తాను. ఇంజన్ వేడెక్కడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే.

ఆ షాఫ్ట్‌లోనే జెట్లు రెండు, ఒక్కో రోటార్‌కి ఒకటి. వెనకటి ఓనరు ఎవరైనా రేసింగ్ పిచ్చితో వాటి రంధ్రాలు పెద్దవి చేయించాడేమో చూడండి. రోటార్లకి ఎక్కువ ఆయిల్ పోవడం మంచిదే, కానీ ఆ ఎక్కువ ఆయిల్ మీ ప్రెషర్‌లోంచే పోతుంది. జెట్ లోపలి బంతి, స్ప్రింగ్ శుభ్రంగా ఆడుతున్నాయో లేదో కూడా చూడాలి.

బేరింగ్‌ల విషయంలో కంటితో చూసి బాగుంది అనుకోవద్దు, మైక్రోమీటర్‌తో కొలవండి. మెయిన్ బేరింగ్ అయినా రోటార్ బేరింగ్ అయినా షాఫ్ట్‌తో సందు 0.04 నుంచి 0.08 మిల్లీమీటర్లు ఉండాలి, 0.10 దాటితే మార్చాల్సిందే. ఐడిల్‌లో మీకు తగ్గిన ప్రెషర్‌లో పెద్ద భాగం ఇక్కడే దొరుకుతుందని నా అనుమానం, ఎందుకంటే ఐడిల్‌లో పంపు తోసేది కొంచెమే, ఆ కొంచెం ఆయిల్‌కి అడ్డుపడేది ఈ సన్నటి సందులే. రాగి రంగు తేలిన బేరింగ్ మళ్ళీ వేసి, ఆ లోటుని రెగ్యులేటర్‌తో పూడ్చాలనుకోవడం అస్సలు మంచిది కాదు.

పంపుని కూడా ఫీలర్ గేజ్‌తో చూడండి. పంపులోనే ఉండే బయటి రోటార్‌కి, పంపు బాడీకి మధ్య 0.20 నుంచి 0.25 మిల్లీమీటర్లు, గరిష్ఠం 0.30. పక్కల నుంచి ఉండే ఆట 0.15 దాటకూడదు. పాన్‌లో ఉండే పికప్ గొట్టం గాస్కెట్ కొత్తది వెయ్యండి, అక్కడ గాలి లాగితే పంపు ఎంత మంచిదైనా దండగే.

ఇవన్నీ సరిచేశాక 3000 దగ్గర మీకు 70 వస్తుంది. అప్పుడు మాత్రమే వాషర్ల మాట ఎత్తాలి, అదీ ట్రాక్‌కి వెళ్తారు కాబట్టి. మెకానిక్కులు చెప్పుకునే పాత లెక్క ప్రతి 1000 ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ, అంటే 8000 దాకా తిప్పేవాళ్లకి 80 కావాలి, వేడెక్కిన ఆయిల్‌తో 90 ఉంటే ఇంకా నిశ్చింత. 100 దాటించాలన్న కోరిక మానుకోండి. పంపుని తిప్పే చైన్ మీద భారం, ఆయిల్‌లో అదనపు వేడి, ఆయిల్ కూలర్ గొట్టాల జాయింట్లు, అన్నిటికంటే ముఖ్యంగా మీ టర్బో. టర్బోకి ఆయిల్ వచ్చేది కూడా ఇదే లైన్లోంచి, ప్రెషర్ మరీ పెంచితే టర్బైన్ వైపు సీళ్లు దాటి పొగ రావచ్చు.

రేసింగ్ కోసం ముందే సెట్ చేసిన రెగ్యులేటర్లు దొరుకుతాయి, నాకైతే అది కొనడమే ఇష్టం. షిమ్, అంటే ఆ వాషరే, వేసుకుంటానంటే పల్చటిదొకటి వేసి, కంప్రెసర్ గాలితో గానీ చేతి హైడ్రాలిక్ పంపుతో గానీ ఎంత దగ్గర తెరుచుకుంటోందో బల్ల మీదే కొలిచి, అప్పుడు బిగించండి, ఎందుకంటే ఇంజన్ కట్టేశాక ఆయిల్ పాన్ దించితే గానీ అది మళ్ళీ చేతికి అందదు. రెండు మూడు మందపాటి వాషర్లు కుక్కితే స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయి ప్లంజర్ పూర్తిగా వెనక్కి వెళ్లలేదు, చల్లటి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఆ ఆయిల్‌కి దారి లేక ఫిల్టర్ సీలు చిమ్మేస్తుంది. ముందు కవర్‌లో ఇంకో వాల్వు ఉంది, అది పంపునీ కూలర్‌నీ కాపాడటానికి. దాని హద్దు వెనకదానికంటే చాలా ఎక్కువ, 150 పైమాటే, కాబట్టి మీరు అనుకుంటున్న ప్రెషర్‌కి దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు. ఇరుక్కోలేదని మాత్రం చూసుకోండి.

కట్టాక మొదటిసారి స్టార్ట్ చేసేముందు పంపులో అసెంబ్లీ లూబ్ గానీ వాజెలిన్ గానీ నింపి, స్పార్క్, పెట్రోల్ రెండూ ఆపి, గేజ్ కదిలేదాకా స్టార్టర్‌తో తిప్పండి. పది సెకన్లు తిప్పి కాస్త ఆపి, మళ్ళీ. సూది లేవకుండా మాత్రం స్టార్ట్ చేయొద్దు.

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఉంటాం, నా దగ్గర ఆర్‌ఎక్స్-7 ఉంది. 10డబ్ల్యూ-30 తీసేసి 20డబ్ల్యూ-50 పోస్తే ఐడిల్ ప్రెషర్ బాగా పెరిగింది. ఇక ఇంజన్ విప్పనక్కర్లేదు కదా?

జవాబు: మీ ఊరి ఎండలకి ఆ ఆయిల్ తప్పేం కాదు, రోటరీలు నడిపే చాలామంది వాడేదే. కాకపోతే జారిపోయే చోటు అలాగే ఉంది, చిక్కటి ఆయిల్ నెమ్మదిగా జారుతోంది, అంతే. నెలకోసారి వేడి మీద అంకె రాసి పెట్టుకోండి. అదే ఆయిల్‌తో అంకె తగ్గుతూ వస్తుంటే విప్పే రోజు దగ్గర పడినట్టే. ఆయిల్ మార్చినప్పుడు ఫిల్టర్ కోసి చూడండి, లోపల మెరుపు రజను కనిపిస్తే ఆ రోజే కారు ఆపెయ్యండి.

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో మెకానికల్ మూడో సంవత్సరం. రోటరీలో ఆయిల్ ప్రెషర్ గురించి అంత ప్రత్యేకంగా ఎందుకు చెప్తారు? ప్రెషర్ పెంచితే రోటార్ మూలల్లో ఉండే అపెక్స్ సీళ్లు కూడా ఎక్కువ కాలం వస్తాయా?

జవాబు: మనకి మజ్దా అంటే స్వరాజ్ మజ్దా వ్యాన్లే గుర్తొస్తాయి కాబట్టి ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం. ఒక్కొక్కటి 654 సీసీ ఉండే రెండు గదులు, వాటిలో మూడు మూలల రోటార్లు, రోటార్ ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్ట్ మూడు చుట్లు. ఆ రోటార్ లోపలికి నీళ్లు వెళ్లవు. దాన్ని చల్లబరిచేది షాఫ్ట్ జెట్లలోంచి లోపలికి చిమ్మే ఆయిలే. అందుకే ప్రెషర్ పడిపోతే బేరింగ్‌తో పాటు రోటార్ కూడా కాలుతుంది, ఆ పక్కనే ఉన్న ఆయిల్ సీళ్ల రబ్బరు గట్టిపడి పొగ మొదలవుతుంది. 1991లో లె మాన్ 24 గంటల రేసు గెలిచిన మజ్దా 787బీలో ఇలాంటి గదులు నాలుగు, ఇరవై నాలుగు గంటలూ ఆ నాలుగు రోటార్లని లోపల నుంచి చల్లబరిచింది ఆయిలే.

అపెక్స్ సీళ్ల సంగతి వేరు. వాటికి ఆయిల్ ఇచ్చేది మీటరింగ్ పంపు అనే ఇంకో చిన్న పంపు, ఇంజన్ స్పీడుని బట్టీ యాక్సిలరేటర్‌ని బట్టీ చుక్కలు చుక్కలుగా గదిలోకి వదులుతుంది. కొందరు దాన్ని తీసేసి, పాత స్కూటర్లలో పోసినట్టు పెట్రోల్‌లోనే టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతారు. ప్రెషర్ 70 ఉన్నా 100 ఉన్నా సీళ్లకి చేరే చుక్కలు అవే.