వూహాన్‌లో టిఫిన్ చేయాలంటే పొద్దున్నే లే

అమ్మలూ,

నీకు చైనాలోని వూహాన్‌లో పది రోజుల పని పడిందని అక్క ఫోన్ చేసింది. అక్కడ తిండి ఎలాగో అని టెన్షన్ పడుతోంది. పచ్చళ్లు, పొడులు సర్దుకో, వద్దనను. కానీ రైస్ కుక్కర్ పట్టుకుపోయి ఆ పది రోజులూ గదిలోనే తినెయ్యకమ్మా.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాలుగు రోజులు హోటల్ బ్రెడ్డే తిన్నాను. ఐదో రోజు తెల్లారకుండానే మెలకువ వచ్చి నడకకు బయల్దేరితే, ఒక సందు మొగలో వేయించిన నువ్వుల వాసన తగిలింది. మీ అమ్మమ్మ చిమ్మిలి దంచే రోజున ఇల్లంతా ఉండే వాసన అది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ వాసన వచ్చిన నూడుల్స్ పేరు ‘రె గాన్ మ్యెన్’. రె అంటే వేడి, గాన్ అంటే పొడి, మ్యెన్ అంటే నూడుల్స్. పులుసు ఉండదు, నువ్వుల ముద్దతో కలుపుకుని తినడమే.

ఆ ఊళ్లో ఇది పొద్దుటి టిఫిను. ఏడింటికల్లా వీధిలో ఉండు. తొమ్మిదిన్నర దాటితే చిన్న కొట్ల దగ్గర సందడి తగ్గిపోతుంది. ఆ ఊళ్లోనే వూచాంగ్ అనే పేట వైపు హుబు షియాంగ్ అనే టిఫిన్ల సందు ఉంది, అందరూ అక్కడికే పంపిస్తారు. ఒకసారి చూడు, తప్పులేదు. కానీ అక్కడ నీలాగా ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లే ఎక్కువ. నువ్వు దిగిన చోటికి దగ్గర్లో అపార్ట్‌మెంట్ల మధ్య సందుల్లోకి వెళ్లు. స్కూలు పిల్లలు, ఆఫీసులకు వెళ్లేవాళ్లు కాగితం గిన్నె చేత్తో పట్టుకుని నడుస్తూ తింటుంటారు. వాళ్లు ఎటునుంచి వస్తున్నారో అటు నడువు, కొట్టు అదే కనిపిస్తుంది.

లైన్లో ఉన్నప్పుడు ఫోన్ పక్కన పెట్టి వండేవాళ్ల చేతులు చూడు. నూడుల్స్‌ను ముందే ముప్పావు వంతుకు పైగా ఉడికించి, నూనె పట్టించి, గాలి విసిరి చల్లార్చి ఉంచుతారు. అందుకే ఒకదానికొకటి అంటుకోవు. మనం అడగ్గానే ఒక గుప్పెడు జల్లెడలో వేసి, మరిగే నీళ్లలో కాసేపు ముంచి, నీళ్లు దులిపి గిన్నెలో పడేస్తారు. పైన నువ్వుల ముద్ద, సోయా సాస్, మిరియాల పొడి, ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు, పులిసిన అలసంద కాయల ముక్కలు, ఉల్లికాడలు. అంతా నిమిషంలో అయిపోతుంది.

నువ్వు మాంసం ముట్టవు కదా, ఇది గుర్తుపెట్టుకో. కొన్ని కొట్లలో మాంసం ఉడికించిన మసాలా నీళ్లు ఒక గరిటె పోస్తారు. ‘మాంసం వద్దు, మాంసం ఉడికిన నీళ్లూ వద్దు’ అని అక్కడి ఆఫీసువాళ్ల చేత చైనా అక్షరాల్లో రాయించుకుని, గరిటె లేవకముందే చూపించు. రెండు లియాంగులు అడుగు. లియాంగ్ అంటే 50 గ్రాములు, నీకు 100 గ్రాములు సరిపోతాయి. చిల్లర కోసం వెతుక్కోకుండా మన కార్డును అలీపే అనే అక్కడి చెల్లింపుల యాప్‌కి ఇక్కడే కలుపుకుని వెళ్లు.

గిన్నె చేతికి రాగానే కలుపు. ఫొటోలు తర్వాత. నేను ఆ మొదటి రోజు అటూ ఇటూ చూస్తూ ఆలస్యం చేస్తే నువ్వుల ముద్ద బిగుసుకుపోయి ఉండలు కట్టింది, సగం పైగా తినలేకపోయాను. ఆవకాయ అన్నం కలిపినట్టే, అడుగు నుంచి పైకి, ప్రతి పోగుకూ పట్టేదాకా కలపాలి. మిరప నూనె మాత్రం కొంచెం కొంచెంగా వేసుకుని చూడు.

పక్కన మ్యెన్‌వో దొరికితే వదలకు. బియ్యం, సోయా గింజలు కలిపి రుబ్బిన పిండి, మధ్యలో పలచగా, చుట్టూ మందంగా నూనెలో వేయిస్తారు. చూడగానే మన గారే అనుకుంటావు. వేడి సోయా పాలతో బావుంటుంది.

వచ్చేటప్పుడు నువ్వుల ముద్ద సీసా ఒకటి తెచ్చిపెట్టు. చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో ఆపేస్తారు, పెద్ద పెట్టెలో బట్టల మధ్య చుట్టి పెట్టు. మీ అత్తయ్యకు ఆ రుచి చూపించాలని ఎప్పటినుంచో ఉంది.

ఆశీస్సులతో,
మీ మావయ్య