డీవీడీలో మాట వెనకబడుతుంటే ముందు ఫ్రేమ్ రేట్ చూడండి

ఫోన్ వీడియోని డీవీడీ చేస్తే మొదట్లో బాగానే ఉండి, పోనుపోను మాట పెదవులకు వెనకబడుతోందంటే, కారణం దాదాపుగా ఫ్రేమ్ రేట్ (సెకనుకు చూపే బొమ్మల సంఖ్య) నిలకడగా లేకపోవడమే. డిస్క్‌ని అనుమానించకండి.

1. ఫైల్‌ని నేరుగా డీవీడీ సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వకుండా ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో తెరవండి.

2. వీడియో ట్యాబ్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకోండి. చాలామంది వదిలేసేది ఇదే. పాల్ (PAL, భారత్‌లో వాడే టీవీ పద్ధతి) డిస్క్‌కి 25, ఎన్‌టీఎస్‌సీకి (NTSC, అమెరికా పద్ధతి) 29.97 అని అంకె మాత్రం పెట్టి, కింద ‘పీక్’ (ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే అని అర్థం) అలాగే ఉంచేస్తారు. అలా ఉంటే తేడా మళ్లీ రావచ్చు.

3. వచ్చిన కొత్త ఫైల్‌తోనే డీవీడీ తయారుచేయండి. ఆడియో ఏసీ3 (డాల్బీ డిజిటల్) ఫార్మాట్‌లో, 48 కిలోహెర్ట్జ్ ఉండాలి.

మొదటి నుంచీ ఒకే తేడా ఉంటే సంగతి వేరు, ఆడియో డిలే సరిచేస్తే చాలు.

బర్న్ చేసేముందు ఐఎస్ఓ ఫైల్ (డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండే రూపం) చివరి భాగాన్ని కంప్యూటర్‌లో తప్పకుండా చూడండి.