జూలీ గోలీలు ఎందుకు ఆగాయి?

ప్రశ్న: మాది హన్మకొండ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారు ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో గుమస్తా. మా ఐదేళ్ల స్పిట్జ్ కుక్క జూలీ ఉన్నట్టుండి నీరసపడిపోయింది. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి, మూత్రం కాఫీ రంగులో వచ్చింది. దాని రోగనిరోధక శక్తే దాని ఎర్రరక్తకణాలను చంపుతోందని, ఇది ఆటో ఇమ్యూన్ జబ్బని డాక్టర్ చెప్పి స్టెరాయిడ్ గోలీలు మొదలుపెట్టారు. మూడు వారాల్లో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 14 నుంచి 24కి వచ్చింది. కానీ ఇల్లంతా మూత్రం పోస్తోంది, ఎంత పెట్టినా ఆకలే. స్టెరాయిడ్లు కిడ్నీలు కరాబు చేస్తయని మావారు మూడు రోజులుగా గోలీలు ఆపేశారు. ఆయనకు పైసలే ముఖ్యం. పూజగది దగ్గర తడి చూసి అత్తమ్మ దాన్ని ఊళ్లో వదిలేసి రమ్మంటోంది. వచ్చే నెల ఆడబిడ్డ కాన్పుకు వస్తోంది. మా మామయ్య కూడా మోకాళ్ల నొప్పులకు స్టెరాయిడ్ సూదులే వేయించుకుని, ఒళ్లంతా ఉబ్బిపోయారట. మిగిలిన కూరన్నం పెట్టి నేనే దానికి ఈ గతి పట్టించానేమో అని నిద్ర పట్టడం లేదు. దాన్ని ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చడమే మేలా?
– ఒక సోదరి

జవాబు: మిగతావన్నీ తర్వాత. ముందు జూలీ డాక్టర్‌కు ఫోన్ చేసి, మూడు రోజులుగా మందు పడలేదని ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారని దాచొద్దు. తప్పిపోయిన గోలీలన్నీ కలిపి ఒకేసారి వేయకండి. ఎంత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి. ఆయన దొరక్కపోతే ఇంకో పశువైద్యుడికి చూపించండి కానీ రేపటికి వాయిదా వేయకండి. కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కొంత స్టెరాయిడ్‌ను సొంతంగా తయారు చేస్తాయి. బయటి నుంచి వారాల తరబడి మందు అందుతుంటే అవి పని మానేసి కూర్చుంటాయి. ఉన్నపళంగా మందు ఆగితే లోపలా లేదు, బయటా లేదు. కుక్క వాంతులు చేసుకుని కుప్పకూలిపోవచ్చు. పైగా అణిగిన జబ్బు మళ్లీ తిరగబడుతుంది. అందుకే డాక్టర్లు రక్తపరీక్ష చూసుకుంటూ, రెండు మూడు వారాలకోసారి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మొత్తం కోర్సు నెలల్లో ఉంటుంది. కొన్ని కుక్కలకు మందు పూర్తిగా ఆగిపోతుంది, కొన్నింటికి కొద్ది మోతాదు చాలాకాలం సాగుతుంది.

ఇక మీవారి సంగతి. ఉత్తరంలో 'ఆయనకు పైసలే ముఖ్యం' అని ఒకచోట రాశారు. రెండు వాక్యాలు పోయాక మామయ్య సూదుల మాట రాశారు. ఈ రెండింటినీ మీరు కలిపి చూడలేదు. తండ్రి ఉబ్బిపోవడం కళ్లారా చూసిన మనిషికి స్టెరాయిడ్ అనే మాట చెవిన పడితే ఏమనిపిస్తుందో ఊహించండి. పొట్ట దిగిపోయి, మూతి పీక్కుపోయి, రొప్పుతున్న జూలీని చూస్తే ఆయనకు తండ్రి గుర్తొచ్చి ఉండొచ్చు. పిసినారితనమే అయితే మొదటిరోజే ఆపేవారు కదా! మూడు వారాలు మందు కొన్న మనిషి ఆయన.

అలాగని ఆయన చేసింది ఒప్పని అనడం లేదు. డాక్టర్‌ను అడగకుండా గోలీ ఆపడం ప్రమాదం, ఆ మాట గట్టిగానే చెప్పండి. కానీ 'నీకు జూలీ అంటే లెక్కలేదు' అని కాదు, 'మామయ్యకు జరిగింది మనసులో పెట్టుకున్నవా?' అని అడగండి. పల్లెల్లో, బస్తీల్లో పరీక్ష లేకుండా, లెక్క లేకుండా మోకాళ్లకు సూదులు పొడిచే తీరు వేరు, పీసీవీ చూసుకుంటూ మోతాదు దించుకుంటూ పోయే తీరు వేరు. ఈ తేడా మీరు చెబితే వాదన అవుతుంది. ఈసారి ఆయన్నే డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకుపోండి, కిడ్నీల అనుమానం ఆయన నోటితోనే అడగనివ్వండి. ఇంకో డాక్టర్ మాట కూడా వినాలనుకుంటే మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ కళాశాల, నారాయణగూడ ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉన్నాయి. బయల్దేరే ముందు అక్కడ ఏ పరీక్షలు చేస్తారో కనుక్కోండి.

తిరిగొచ్చాక గోలీల లెక్క ఆయన చేతికే ఇవ్వండి. రోజంతా మిర్చి బస్తాల చిట్టా రాసే మనిషికి ఒక నోటుబుక్కు కష్టం కాదు. తేదీ, ఎన్ని గోలీలు, తిన్నదా లేదా, మూత్రం రంగు, చిగుళ్ల రంగు, పీసీవీ. చిగుళ్లను ట్యూబులైటు కింద కాదు, పొద్దున కిటికీ దగ్గర చూడాలి. పెదవి పైకెత్తి, చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, అప్పుడు కింది కనురెప్ప లోపల చూడాలి. నిద్రలో ఉన్నప్పుడు ఛాతీ లేచి దిగడం లెక్కపెట్టండి, నిమిషానికి 30 లోపు ఉండాలి. స్టెరాయిడ్ వల్ల కుక్కలు మెలకువలో ఎలాగూ రొప్పుతాయి, అసలే వరంగల్ ఎండలు. నిద్రలో కూడా రొప్పుతుంటే అది వేరే సంగతి. చిగుళ్లు తెల్లబడినా, పసుపు తిరిగినా, మూత్రం మళ్లీ కాఫీ రంగుకు వచ్చినా, విరేచనం తారులా నల్లగా పడినా, ఊపిరి అందకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. ఇంత ఆకలి మీదున్న కుక్క హఠాత్తుగా గిన్నె ముట్టకపోయినా అంతే.

మూత్రం, ఆకలి మందు వల్లే, మోతాదు తగ్గేకొద్దీ తగ్గుతాయి. నీళ్లగిన్నె మాత్రం తీసేయకండి, ఇల్లు తడుస్తుందని చాలామంది చేసే పని అదే. మూడు నాలుగు గంటలకోసారి బయటికి తిప్పండి, పడుకోబోయే ముందు ఇంకోసారి. మీరు స్కూల్లో ఉన్నప్పుడు ఇంట్లో ఉండేది అత్తమ్మే కదా, ఆ బరువంతా ఆమె మీద పడుతోందని గుర్తించారా? ఆమె విసుగులో సగం అదే. మధ్యాహ్నం ఒకసారి తిప్పడానికి పక్కింటి పిల్లవాడికి నెలకింత ఇస్తామని ఒప్పించండి. పూజగది వైపు గేటు కట్టించండి. తిండి రోజుకు నాలుగు పూటలుగా విడగొట్టండి, మొత్తం పెంచకండి. ఉడకబెట్టిన సొరకాయ, బీన్స్ కలిపితే కడుపు నిండుతుంది. ఇంట్లో ఉన్న నొప్పుల గోలీలు ఏవీ వేయొద్దు, స్టెరాయిడ్‌తో కలిస్తే కడుపులో పుండ్లు పడతాయి. ఏ టీకా అయినా డాక్టర్‌ను అడగకుండా వేయించకండి.

కూరన్నం గురించి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క ఎర్రకణాలను పాడుచేస్తాయన్నది నిజమే, ఇకమీదట కూర పెట్టకండి. కానీ ఉల్లితో వచ్చే రక్తహీనత వేరు. డాక్టర్లు రక్తపుచుక్కలో ఉప్పునీరు కలిపి స్లైడు మీద చూస్తారు. కణాలు విడిపోకుండా గుంపులుగా అతుక్కుంటే అది రోగనిరోధక శక్తి చేసిన పని. మీ డాక్టర్ చెప్పింది ఈ రెండో రకమే. పిడుదులతో వచ్చే బబీసియా, ఎర్లీకియా లాంటి జ్వరాలు దీన్ని రేపుతాయి కాబట్టి ఆ పరీక్ష అయిందో లేదో అడగండి. చాలా కుక్కల్లో కారణమే దొరకదు. మీకు నేరం మోపడానికి ఎవరూ లేక మీరే మోపుకుంటున్నారు.

నిద్రపుచ్చడమా అంటే, ఇప్పుడు కాదు. పీసీవీ 14 నుంచి 24కి వచ్చిన కుక్క, తింటున్న కుక్క, మందుకు లొంగుతున్న కుక్క. ఈ జబ్బులో మొదటి రెండు వారాలే ఎక్కువ ప్రాణాలు తీస్తాయి, జూలీ ఆ గడప దాటింది. కానీ మళ్లీ పడిపోతే రక్తం ఎక్కించడం దాకా వెళ్తారా, హైదరాబాద్ తీసుకెళ్తారా, ఎంతవరకు పెట్టగలరు అన్నది మీరిద్దరూ కూర్చుని ఇప్పుడే అంకె వేసుకోండి. అర్ధరాత్రి, ఏడుస్తూ, కుక్కను ఒళ్లో పెట్టుకుని వేసుకునే లెక్క కాదది. ఆ అంకె చిన్నదైతే దానికి సిగ్గుపడనక్కర్లేదు. స్కూలు జీతం, గుమస్తా జీతం ఎంతో నాకు తెలియనిది కాదు.

ఊళ్లో వదిలేయడం మాత్రం కుదరదు. అక్కడ గోలీ వేసేదెవరు? అత్తమ్మకు ఒక్కమాట చెప్పండి, ఇది అంటుజబ్బు కాదు, మనుషులకు రాదు. అయితే ఆడబిడ్డ విషయంలో ఆమె జంకు పూర్తిగా ఉత్తది కాదు. ఒకవేళ డాక్టర్ స్టెరాయిడ్‌కు తోడుగా అజథయోప్రిన్ లాంటి రెండో మందు రాస్తే, గర్భిణి ఆ గోలీలను చేత్తో ముట్టకూడదు. వేసేవాళ్లు గ్లౌజులు తొడుక్కోవాలి, గోలీని విరగ్గొట్టకూడదు, జూలీ మూత్రం తుడిచేటప్పుడూ గ్లౌజులు ఉండాలి. ఆడబిడ్డ దిగకముందే ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పి, మందుల డబ్బా వంటింట్లో కాకుండా వేరే అలమరలో పెట్టండి.