కాఫీ దగ్గర చెప్పిన కబిని

తమ్ముడూ,

కర్ణాటకలోని కబిని అడవికి వెళ్లొచ్చి నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి మర్యాద కోసం, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. మొన్న ఆదివారం మల్లేశ్వరంలో ఇదే ప్రయాణం గురించి గంటసేపు చెప్పావు, గుర్తుందా? వింటూ వింటూ నా కాఫీ చల్లార్చుకున్నాను. వ్యాసం మాత్రం కాఫీ వేడిగా ఉండగానే అయిపోయింది. మనిషి అతనే, ప్రయాణమూ అదే. ఎక్కడ తేడా కొట్టిందా అని వెతికాను.

ముందు చిన్నది తేల్చేద్దాం. మూడున్నరకి అలారం మోగడం, ఎవడో ఆలస్యంగా దిగిరావడం, కారులో పాటలు, ఇవన్నీ కొట్టెయ్. బెంగళూరు నుంచి వీకెండ్ ట్రిప్పుకి వెళ్లిన ప్రతివాడి వ్యాసమూ అలారంతోనే మొదలవుతుంది. మద్దూరు వడ ఒక్కటి ఉంచు. ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక మైసూరు వెళ్లేవాళ్లు మద్దూరు ఊళ్లోకి దిగాల్సిన పని లేదు. మీరు వడ కోసమే పనిగట్టుకుని దిగారు. మీ ఐదుగురూ ఎలాంటివాళ్లో అక్కడే తెలిసిపోతుంది.

ఇక పులి. రెండు పేజీలు రాశావు. అడవికి రారాజు, నిప్పుకణికల్లాంటి కళ్లు, రాజసం ఉట్టిపడే నడక. ఎంతసేపు కనబడిందని అడిగితే పది సెకన్లన్నావు, అదీ వెనకవైపు, లాంటానా పొదల్లోకి పోతూ. మరి కళ్లెప్పుడు చూశావు నాయనా?

కాఫీ దగ్గర చెప్పింది వేరు. జీపు డ్రైవరు ఉన్నట్టుండి ఇంజిన్ ఆపేసి, కాల్ వస్తోందన్నాడు, అంటే పులి జాడ తెలిసి జంతువులు అరిచే హెచ్చరిక. చెట్టు మీద కొండముచ్చు గొంతు చించుకుంటోంది. కింద దుప్పులన్నీ తోకలు లేపి ఒకే వైపుకి తిరిగి నిలబడ్డాయి, ఒకటి ముందుకాలితో నేలని తంతోంది. మీవాడొకడు చిప్స్ ప్యాకెట్ మీద చెయ్యి వేశాడు. కరకరమన్న ఆ చప్పుడుకి డ్రైవరు తల తిప్పి ఒక్క చూపు చూశాడు. ఇక ఇరవై నిమిషాలపాటు ఆ చెయ్యి ప్యాకెట్‌ మీదే ఉండిపోయింది, వెనక్కి తీస్తే మళ్లీ చప్పుడవుతుందని. ఇదంతా వ్యాసంలో ఏది? "ఉత్కంఠతో ఎదురుచూశాం" అని మూడో పేజీలో ఒక్క ముక్క ఉంది.

కొండముచ్చుకీ దుప్పికీ ఉన్న పొత్తు కూడా అక్కడే చెప్పొచ్చు. కొండముచ్చులు తిన్నంత తిని ఆకులూ కాయలూ కింద పారేస్తాయి, అవి దుప్పులకి మేత. పైనున్నదానికి దూరపు చూపు, కిందున్నదానికి వాసన. ఎవరు ముందు పసిగడితే వాళ్లు అరుస్తారు. ఈ సంగతి చదివేవాడికి ముందే తెలిసిందనుకో, కొండముచ్చు అరిచినప్పుడే అతనికి పులి వచ్చేసినట్టు. నీ నిప్పుకణికలతో పని ఉండదు.

ఇంకోటి. డ్రైవరు "హులి, హులి" అని గొణిగాడని నాతో చెప్పావు. కాగితం మీద అతను "టైగర్!" అని అరిచాడు. ఎందుకు మార్చావు? వాళ్ల హాలు మన పాలు, వాళ్ల హూవు మన పువ్వు, వాళ్ల హులి మన పులి. కూరగాయల బండి దగ్గర రోజూ కన్నడంలో బేరమాడే తెలుగువాడివి. ఒక్క అక్షరం మారిన ఆ మాట అడవిలో వినబడితే వీపు మీద ఎలా పాకిందో నువ్వు గాక ఇంకెవరు రాస్తారు?

నాకు నిజంగా కోపం వచ్చింది మాత్రం పడవ దగ్గర. "సాయంత్రం బోటింగ్ చేశాం. ప్రకృతి మమ్మల్ని పరవశింపజేసింది." అంతే! కబిని నది మీద ఆనకట్ట 1974లో పూర్తయింది. నిలిచిన నీటికి ఇటు నాగరహొళె అడవి, అటు బండీపూర్ అడవి. మధ్యలో అడవి మునిగింది, ఊళ్లూ మునిగాయి. నీ ఫోటోల్లో నీళ్లలోంచి పొడుచుకొచ్చిన ఎండు మోళ్లు ఆ అడవివే. ఒక మోడు మీద రెక్కలు చాచుకుని కూర్చున్నది పాముమెడ పిట్ట. నువ్వు దాన్ని కొంగ అన్నావు. దాని ఈకలు బాతు ఈకల్లాంటివి కావు, నీళ్లకి తడిసిపోతాయి. అందుకే తేలిగ్గా మునిగి చేపని పొడవగలదు, అందుకే బయటికొచ్చాక అలా ఆరేసుకోవాలి. మునిగిన చెట్టు మీద మునిగి బతికే పిట్ట అంటూ కవిత్వం ఎత్తుకోబుద్ధవుతుంది, నాకే అవుతోంది. ఎత్తుకోకు. పిట్టనీ మోడునీ పక్కపక్కన పెట్టి ఊరుకో.

ఆ పడవలోనే మీ గుంటూరు అబ్బాయి ఉన్నాడు, ఈత రానివాడు. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టడం, తీయడం, మళ్లీ పెట్టడం, టిక్కు టిక్కుమని. పడవతను మోటారు ఆపాడు. ఏప్రిల్ కదా, నీరు వెనక్కి తగ్గిన చోటంతా పచ్చిక, పచ్చికలో ఏనుగులు. గడ్డి పీకి ముందుకాలికేసి కొట్టి మట్టి దులుపుకుంటున్న చప్పుడు నీళ్ల మీదుగా మీదాకా వచ్చింది. కాసేపటికి చూస్తే బకిల్ చప్పుడు ఆగిపోయిందన్నావు. తమ్ముడూ, నీ వ్యాసం అది. పులి దానికి ముందు పేరాలో వచ్చిపోతే చాలు.

తెలియనిది ఊహించి రాయొద్దని ఊరికే అనడం లేదు. కుర్రతనంలో ఒక కథలో పొడుగు దంతాల మగ ఏనుగు ముందు నడిచి మందని ఏటికి తీసుకొచ్చిందని రాశాను. మంచి వాక్యమని మురిసిపోయాను కూడా. పలమనేరు వైపు నుంచి ఒక రైతు కార్డు ముక్క రాశాడు. "మా చేలల్లో పడే మందకి ముందు నడిచేది ముసలి ఆడదేనండీ. మగది వయసొచ్చాక విడిగా తిరుగుతుంది. మీరు ఏనుగుని సినిమాలో చూసినట్టున్నారు." నిజంగానే అప్పటికి నేను గుడి ఏనుగుని తప్ప ఇంకో ఏనుగుని చూడలేదు. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

మళ్లీ రాయి. రాసేముందు గుంటూరు అబ్బాయిని అడుగు, తన భయం గురించి రాస్తే ఒప్పుకుంటాడో లేదో. వద్దంటే ఊరు మార్చు, బకిల్ మాత్రం వదలకు. ఈసారి ఫోన్‌కి పంపకుండా ప్రింటు తీసుకుని రా, నా కళ్లు ఆ చిన్న అక్షరాలతో వేగలేకపోతున్నాయి. వచ్చే ఆదివారం, అదే హోటలు. కాఫీ నాది. మద్దూరు వడలు దొరికితే నువ్వు తీసుకురా.

మీ అన్నయ్య