దత్తత వెళ్లిన తాతగారి కన్నవాళ్లెవరో డీఎన్‌ఏ పరీక్షతో తెలుస్తుందా?

తెలుసుకోవచ్చు, కానీ పరీక్ష నేరుగా పేరు చెప్పదు. అదే సంస్థలో పరీక్ష చేయించుకున్నవాళ్లలో మనతో డీఎన్‌ఏ కలిసిన బంధువుల వంశవృక్షాలు కట్టుకుంటూ ఆ పేరు దాకా మనమే వెళ్లాలి.

తరం మారితే తాతగారి డీఎన్‌ఏలో దాదాపు సగం జారిపోతుంది. అందుకే ఆయన కూతురు ఉండగా మనవడి నమూనా పంపడం పెద్ద నష్టం.

ఆమె ఫలితాల్లో, తెలిసిన చుట్టాలెవరితోనూ కలవని ఇద్దరు కనిపించారనుకోండి. వాళ్ల వృక్షాలను పైకి కడితే ఒకే జంట దగ్గర కలవొచ్చు. అలా కలిస్తే, అక్కణ్నుంచి కిందికి దిగుతూ, తాతగారు పుట్టిన ఏడాదికి తగిన వయసులో, ఆయన పుట్టిన ఊరి చుట్టుపక్కల ఉన్న సంతానాన్ని వెతకాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే.

25 శాతం కలిస్తే తోబుట్టువే అనుకుంటారు చాలామంది. తాత, మేనమామ, తల్లో తండ్రో వేరైన తోబుట్టువు, ముగ్గురికీ దాదాపు అదే అంకె వస్తుంది. వయసులు, జనన పత్రాలు సరిచూశాకే తేల్చాలి.