వరదల చదువుకి ఉద్యోగాలుంటాయా అండీ?

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. నాలుగెకరాల కొబ్బరి తోట, గట్టుకి ఇవతల రెండెకరాల వరి చేను ఉన్నాయి. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. కంప్యూటర్ సైన్సులో చేర్పిద్దామని మా ఉద్దేశం. 2022 జూలై వరదకి మేం ఏటిగట్టు మీద టార్పాలిన్ కింద ఉన్నాం. అప్పటినుంచి తనకి ఇదే ధ్యాస. వాతావరణం, విపత్తులు, వాటికి సంబంధించిందే చదువుతానంటోంది. డిజాస్టర్ మేనేజ్‌మెంట్ డిగ్రీ ఉందని ఎవరో చెప్పారట. ఇందులో ఉద్యోగాలుంటాయా? ఆడపిల్ల పడవలెక్కి వరదల్లో తిరగాలా? వాతావరణ మార్పంటే ప్రపంచ దేశాలన్నీ కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి కదా, దాంతో మా పిల్లకేం పని?
– ఒక తండ్రి, కోనసీమ

జవాబు: నమస్కారమండి. మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండింటి జవాబూ దాన్లోంచే వస్తుంది.

మీ రెండెకరాల్లో సార్వాకి ఏ వంగడం వేస్తున్నారో రాయలేదు. ఈమధ్య వేరేది వేస్తున్నా, మీ నాన్నగారి కాలంలోనో మీ చేతుల మీదుగానో స్వర్ణ పండించే ఉంటారు. అదే ఎం.టి.యు. 7029. పశ్చిమ గోదావరిలో మన మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టి 1982లో విడుదలైంది. ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా పాకింది. అంత మంచి వంగడానికీ ఒక లోపం ఉంది, నాట్లయ్యాక చేను మునిగితే వారం పది రోజుల్లో కుళ్లిపోతుంది. ఆ బాధ మీకు నేను వర్ణించక్కర్లేదు.

మునిగినా చావని పాత దేశవాళీ రకం ఒకటి ఒడిశాలో ఉండేది. దిగుబడి తక్కువని రైతులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. దానికి ఆ ఓర్పునిచ్చే సబ్1 అనే జన్యువును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లూ, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లూ కలిసి పట్టుకున్నారు. దాన్ని మన స్వర్ణలోకే ఎక్కించారు. స్వర్ణ-సబ్1 అన్న పేరుతో 2009లో మన దేశంలో విడుదలైంది. మొత్తం మునిగినా సుమారు రెండు వారాలు తట్టుకుంటుంది. నీట మునిగాక సాగడం మాని, ఉన్న శక్తిని దాచుకుని, నీళ్లు తీశాక మళ్లీ పిలక వేస్తుంది. కోత ముందు తుపానుకి పడిపోయిన చేనుకి మాత్రం ఇది అక్కరకు రాదు. దాని సంగతి వేరే ఎవరో తేల్చాలి.

ఒడిశా రైతు గాదెలో గింజ, మార్టేరు వంగడం, మనీలా దగ్గరి పొలం, అమెరికాలో ఒక ప్రయోగశాల, ఈ నాలుగూ కలిస్తేగాని మన చేలో మొక్క బతకలేదు. ప్రపంచ దేశాలు కలిసి పనిచెయ్యడమంటే పెద్దవాళ్లు కోట్లు వేసుకుని ఫోటోలు దిగడమే అనుకుంటాం. అదీ ఉంది లెండి. అసలు పని ఇలా నడుస్తుంది, అక్కడ మీ అమ్మాయిలాంటి వాళ్లకి కుర్చీలున్నాయి.

తుపాన్ల సంగతీ అంతే. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఏం జరిగిందో నాకంటే మీకే బాగా తెలుసు. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే దిక్కుకి పడిపోయాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గరే తీరం దాటింది. పంటలూ చెట్లూ పోయాయి గాని, ప్రాణనష్టం ఆనాటితో పోల్చలేనంత తక్కువ. రెండు గాలులూ ఒక్క తీవ్రతవి కావు, ఆ మాట ఒప్పుకోవాలి. అయినా ఈసారి అది ఎటు వస్తుందో కొన్ని రోజుల ముందే తెలిసింది, జనాన్ని ముందే తరలించారు. ఉపగ్రహాలు, మచిలీపట్నం, విశాఖ డాప్లర్ రాడార్లు, మన వాతావరణ శాఖ లెక్కలు, వాటి పక్కన పెట్టి చూసుకునే ఐరోపా వాళ్ల లెక్కలు, అన్నీ పనిచేశాయి. ఆ తుపానుకి పేరు కూడా థాయ్‌లాండ్ పెట్టిందే. మన సముద్రాల చుట్టుపక్కల 13 దేశాలు ఇచ్చిన పేర్ల పట్టీ ఒకటుంది, వరసలో ఆ పేరు వచ్చింది.

మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెబుతాను, మీ అమ్మాయికి నచ్చుతుంది. సైక్లోన్ అన్న మాటను 1840లలో వాడుకలోకి తెచ్చింది కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్. 1789లో కాకినాడ దగ్గరి మన కోరింగ రేవును ముంచేసిన ఉప్పెన గురించి ఆయన కూడా రాశాడు. ఈ చదువుకి మన గడప కొత్తేం కాదు.

సరే, డిగ్రీ సంగతికొద్దాం. ఇంటర్ అవగానే డిజాస్టర్ మేనేజ్‌మెంట్ డిగ్రీలో చేర్పించకండి. ఇది తెలుసుకోవడానికి నేనొక తప్పు చెయ్యాల్సి వచ్చింది. కొన్నేళ్ల కిందట కాకినాడ వైపు కుర్రాడొకడు వస్తే, ఉత్సాహం చూసి ముచ్చటపడి, ఆ పేరుతో ఉన్న డిప్లొమాలో చేరమన్నాను. రెండేళ్లు ఊరూరా ఇంటర్వ్యూలకి తిరిగాడు. వెళ్లినచోటల్లా ‘మీకేం వచ్చు?’ అనేవారట. నీటి లెక్క వచ్చా, మ్యాపు గియ్యడం వచ్చా, వంతెన కట్టడం వచ్చా, రోగాల సర్వే చెయ్యడం వచ్చా అని. వాడికి విపత్తు నిర్వచనాలు వచ్చు. ఆఖరికి కంప్యూటర్లో మ్యాపులు గీసి లెక్కలు తీసే జీఐఎస్ నేర్చుకుని నిలదొక్కుకున్నాడు. ఇప్పటికీ కనిపిస్తే నవ్వుతాడు, నాకే ఎలాగో ఉంటుంది. ముందు గట్టి పని ఒకటి చేతికి రావాలి. ఆ తర్వాత కావాలంటే ముంబయి టాటా సామాజిక శాస్త్రాల సంస్థలో విపత్తుల మీద ఎంఏ ఉంది, అలాంటివి చెయ్యొచ్చు. అప్పుడు ఆ చదువుకి విలువ.

ఎంపీసీ పిల్లకి ఏ పనులు దగ్గర?

వాతావరణమే కావాలంటే ఫిజిక్స్ మేజర్, గణితం మైనర్‌గా బీఎస్సీ. ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో కొచ్చిన్ విశ్వవిద్యాలయంలోనో వాతావరణ శాస్త్రం ఎమ్మెస్సీ. విశాఖలో ఆ విభాగం ఎప్పటినుంచో ఉంది, పక్కనే వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక కేంద్రం. తిరుపతిలోని కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ ఐసర్‌లో భూమి, వాతావరణ శాస్త్రాల విభాగం ఉంది, దానికి వేరే ప్రవేశ పరీక్ష రాయాలి. పైకి వెళ్తే పుణెలో ఉష్ణమండల వాతావరణ సంస్థ, ఢిల్లీ ఐఐటీలో వాతావరణ కేంద్రం. హైదరాబాదులో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార సంస్థ ఉంది. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తున్నది వాళ్లే. అంతర్వేదిలోనో ఉప్పాడలోనో బోటు వాళ్ల ఫోన్లకి ‘అలలు ఎక్కువ, వెళ్లకండి’ అని వచ్చే కబురుకి మూలం కూడా అక్కడే.

ఇక డబ్బు సంగతి. తండ్రిగా మీకు కావలసింది అదే, అందులో తప్పేం లేదు. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంటుకి మూల వేతనం 35,400, సైంటిస్టు-బి స్థాయికి 56,100, పైన అలవెన్సులు. 2022లో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ 990 అసిస్టెంటు పోస్టులకి ప్రకటన ఇచ్చింది. అయితే ఆ ముందు ప్రకటన 2017లో వచ్చింది. మధ్యలో ఐదేళ్లు ఎదురుచూసిన పిల్లలున్నారు. ఈ దారిలో ఎమ్మెస్సీ దాకా ఓపిక పట్టాలి, మొదటి రెండు మూడేళ్లు ప్రాజెక్టు ఉద్యోగాలే దొరకొచ్చు. కంప్యూటర్ సైన్సులో నాలుగో ఏడాదికే ఆఫర్ లెటరు చూసినవాళ్లు పక్కింట్లో ఉంటే, ఇది ఆలస్యంగానే కనిపిస్తుంది.

ఇప్పుడు మీకు నచ్చే మాట. మీరు కోరేదానికీ తను కోరేదానికీ మధ్య అంత గోదారేం లేదండి. ఈ రంగంలో రోజూ జరిగేది చాలావరకు కంప్యూటర్ పనే. తుపాను దారి లెక్కగట్టేది ప్రోగ్రాములే. వరదొస్తే ఏ లంక ఎంత మునిగిందో ఉపగ్రహ చిత్రాల్లోంచి తీసి మ్యాపు చేసేది హైదరాబాదు బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం. తను కంప్యూటర్ సైన్సులోనే చేరి, ఓపెన్ ఎలక్టివుల్లో జీఐఎస్, రిమోట్ సెన్సింగ్ తీసుకుని, చివరి ఏడాది ప్రాజెక్టు గోదావరి వరద మీద చేస్తే ఇద్దరి మాటా నిలుస్తుంది. భీమా కంపెనీలకీ, వాళ్లకి మళ్లీ భీమా ఇచ్చే పెద్ద కంపెనీలకీ ఇలాంటివాళ్లు కావాలి. ఏ ఊరికి ఎంత ముప్పో లెక్కగట్టకుండా వాళ్లు ప్రీమియం వెయ్యలేరు. కానీ తనకి కోడింగ్ అంటే నిజంగానే గిట్టకపోతే మాత్రం ఈ రాజీ పెట్టకండి.

సివిల్ ఇంజనీరింగ్ పేరెత్తితే ఈమధ్య తల్లిదండ్రులు మొహం చిట్లిస్తున్నారు. నాకు మాత్రం డెల్టా పిల్లలకి అంతకంటే దగ్గర చదువు కనపడదు. 2011లో కోనసీమ రైతులు సార్వా పంట విరామం ఎందుకు ప్రకటించారు? గిట్టుబాటు ధర ఒక కారణమైతే, మురుగు కాలువలు పూడి చేలల్లో నీళ్లు లాగకపోవడం ఇంకొకటి. కాలువలు సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇసుక మేట వేస్తే పైన ఎంత తవ్వినా నీరు సముద్రంలోకి పోదు. సముద్ర మట్టం పెరిగేకొద్దీ ఆ వాలు ఇంకా తగ్గుతుంది. దానికితోడు పైన కట్టిన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతోంది. డెల్టా అంచుకి చేరే మట్టి తగ్గి తీరం కోసుకుపోతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 2004లోనే చూపించారు. ఉప్పాడ రోడ్డు మీద వెళ్లినవాళ్లెవరికైనా కోత అంటే ఏంటో అర్థమవుతుంది. కాటన్ దొర కాలంలో 1852కి ఆనకట్ట పూర్తయి నీరు తెచ్చిపెట్టింది. ఇప్పుడు నీటిని బయటికి పంపే ఇంజనీర్లు కావాలి. సివిల్ చేసి, నీటి వనరుల్లో ఎంటెక్ చేస్తే రాష్ట్ర జలవనరుల శాఖకి ఏపీపీఎస్సీ, కేంద్ర జల సంఘానికి యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసు పరీక్షలున్నాయి. భద్రాచలంలో 53 అడుగులకి మూడో హెచ్చరిక, ధవళేశ్వరంలో 17.75 అడుగులకి మూడో హెచ్చరిక అని మీరు టీవీలో వినేవాటి వెనక ఉండేది ఈ చదువే.

వ్యవసాయ ఇంజనీరింగ్ కూడా ఎంపీసీ వాళ్లకి ఉంది, బాపట్లలో కాలేజీ ఉంది. సబ్1 లాంటి వంగడాల పని చెయ్యాలంటే మాత్రం బైపీసీ చదివి ఉండాల్సింది. ఆ తలుపు తనకి దాదాపు మూసుకున్నట్టే.

పడవల సంగతి. వరదల్లో జనాన్ని కాపాడే ఆరెంజ్ జాకెట్ల వాళ్లను, అంటే జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్‌డీఆర్ఎఫ్) వాళ్లను చూసి భయపడ్డట్టున్నారు. ఎన్‌డీఆర్ఎఫ్‌లోకి బయటి నుంచి నేరుగా ఉద్యోగాలివ్వరు. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి బలగాల్లో చేరినవాళ్లే డెప్యుటేషన్ మీద వస్తారు. వాళ్లలో ఇప్పుడు ఆడపిల్లలూ ఉన్నారు, అది వేరే సంగతి. మీ అమ్మాయి వెళ్లే దారుల్లో పడవ తప్పనిసరి కాదు. రాత్రి షిఫ్టులు మాత్రం ఉండొచ్చు, తుపాను ఆఫీసు వేళలు చూసి రాదు కదా. ఇంకా సందేహముంటే అన్నా మణి గురించి తనని చదివి మీకు వినిపించమనండి. కేరళ కొండల్లో పుట్టి, 1948లో వాతావరణ శాఖలో చేరి, దేశంలోనే వాతావరణ పరికరాలు తయారయ్యేలా చేసి, 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేసింది.

చివరిగా మీ ‘ప్రపంచ దేశాలు’. ఇంతకాలం ప్రపంచమంతా కలిసి వదిలిన పొగలో మీ లంకలో కొబ్బరి రైతు వాటా ఎంతండీ? దాదాపు ఏమీ లేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరి పట్టుకుంటుంది. ఆ నీళ్లు ఎక్కడో ఒకచోట కుండపోతగా కురవాల్సిందే. ఎవరు వేడెక్కించారో వాళ్లు నష్టపోయినవాళ్లకి ఇవ్వాలన్న వాదన ఏళ్ల తరబడి నలిగి, 2022లో ఈజిప్టులో జరిగిన ప్రపంచ వాతావరణ సమావేశంలో నష్టపోయిన దేశాలకి సాయం చేసే నిధిగా తేలింది, మరుసటేడు దుబాయిలో మొదలైంది. వచ్చిన డబ్బు అవసరంతో పోలిస్తే చారెడు, నాకేం భ్రమలు లేవు. కానీ ఆ చారెడు అడగాలన్నా ఎక్కడ ఎంత పోయిందో లెక్కలతో చూపించేవాళ్లు ఉండాలి. ఢిల్లీలో విపత్తులకి తట్టుకునే కట్టడాల కోసం 2019లో మన దేశం చొరవతో ఏర్పడ్డ అంతర్జాతీయ కూటమి కార్యాలయం ఉంది, ఐక్యరాజ్యసమితి సంస్థలున్నాయి. అవన్నీ మొదటి ఉద్యోగాలు కావు. పదేళ్ల అనుభవం తర్వాతి మాట.

ఇప్పుడేం చెయ్యాలంటారా? ఈఏపీసెట్, జేఈఈ రెండూ రాయించండి, ఐసర్ పరీక్షకి కూడా దరఖాస్తు పెట్టించండి. ఏ సీటొచ్చినా రాకున్నా బీఎస్సీ దారి తెరిచే ఉంటుంది. పరీక్షలయ్యాక తనకి ఒక పని అప్పజెప్పండి. 1986లో, 1996లో, 2006లో, 2022లో నీళ్లు మీ ఇంటి గోడకి, వీధిలో మిగతా ఇళ్లకి ఎంతదాకా వచ్చాయో పెద్దవాళ్లని అడిగి, టేపు పెట్టి కొలిచి, పుస్తకంలో రాయమనండి. ధవళేశ్వరంలో 1986లో 35 లక్షల క్యూసెక్కులు, 2022లో 25 లక్షల పైచిలుకు వెళ్లాయి. మీ గోడ మీద ఆ తేడా అదే లెక్కలో కనపడుతోందో, గట్లూ రోడ్లూ లేచాక మారిపోయిందో చూడమనండి. పది ఇళ్లు కొలిచేసరికి విసుగొచ్చి వదిలేసిందో, ఇరవయ్యో ఇంటికి కూడా వెళ్లిందో చూసుకుని, ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరూ ఒక శనివారం మధ్యాహ్నం రండి. ఆ రోజు తీరిగ్గానే ఉంటాను.